హైదరాబాద్ ఇంట్లో నేల కింద హీటింగ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున గ్రానైట్ మీద కాలు మోపలేకపోతుండటంతో, మల్కాజిగిరిలోని మా పాత అపార్ట్‌మెంటులో ఆవిడ పడకగదికి, దాన్ని ఆనుకున్న స్నానాలగదికి నేల కింద కరెంటుతో వేడెక్కే కేబుల్ మ్యాట్ వేయించాం. ఇది నమ్మకంగా పనిచేయడానికి బ్రాండు కన్నా టైల్స్ వేయకముందు పాటించిన నియమాలే ముఖ్యమని ఇన్నేళ్ల వాడకంలో తేలింది.

వేడినీటి గొట్టాల పద్ధతిని మొదట్లోనే వద్దనుకున్నాం. వాటిని కప్పడానికి 50 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పోస్తే చదరపు మీటరుకు దాదాపు 100 నుంచి 120 కిలోల బరువు స్లాబు మీద పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కచూసి సరేననకుండా ఆ పనికి దిగకూడదు.

వైరింగుకు ఐఎస్ 732, ఎర్తింగుకు ఐఎస్ 3043 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. మా ఎలక్ట్రీషియన్ డీబీ (ఇంటి కరెంటు పంపిణీ పెట్టె) నుంచి విడిగా లైను లాగి, లోడు మితిమీరితే కరెంటు ఆపే ఎంసీబీతో పాటు, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి, కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లికను ఎర్తింగుకు కలిపారు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను స్నానాలగదిలో కాకుండా, దాని బయట గోడకు పెట్టారు. చదరపు మీటరుకు 150 వాట్ల మ్యాట్‌ను పది చదరపు మీటర్లలో పరిస్తే 1500 వాట్లవుతుంది. గీజరు కూడా అదే వేళకు నడుస్తుంది కనుక కరెంటు కనెక్షనుకు మంజూరైన లోడు ముందే సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా మేలు చేసింది మెగ్గర్ పరీక్ష, అంటే కేబుల్ ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగా ఓమ్‌లలో కొలిచే పరీక్ష. మ్యాట్ పరిచాక 500 వోల్టుల దగ్గర రీడింగు బాగానే వచ్చింది. మేస్త్రీ టైల్స్ గమ్ము పరిచాక మళ్లీ చూస్తే అది ఒక్క మెగా ఓమ్ కిందికి పడిపోయింది. వెతికితే, గుమ్మం దగ్గర తాపీ అంచు తగిలి కేబుల్ ఇన్సులేషన్ చీరుకుపోయి కనిపించింది. గమ్ము ఆరకముందే తెలిసింది కాబట్టి అక్కడ జాయింటు వేసి, మరోసారి పరీక్షించాకే టైల్స్ పరిచారు. ఈ పరీక్షను ప్రతి దశలోనూ చేయించనివారికి పని అప్పగించవద్దని గట్టిగా చెబుతాను.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 1264 నివాసపు గదుల్లో నేల పైభాగానికి 29 డిగ్రీలను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. మేమూ అది దాటనివ్వం. కేబుల్ ఉన్నచోట మందపాటి తివాచీ గానీ, కాళ్లులేని మంచం గానీ వేయం. మన ఊరి చలికి హాలంతా వేయించడం అనవసరం. నేల వేడిని కొలిచే సెన్సర్‌ను పైపులో దూర్చి పెట్టడం వల్ల, అది పాడైనప్పుడు ఒక్క టైలు కూడా పగలగొట్టకుండా కొత్తది మార్చుకోగలిగాం.