మాల్దీవులు, సీషెల్స్, మారిషస్: నీళ్లకు, నేలకు, చేపలకు ఏది మేలు?

మూడూ హిందూ మహాసముద్రంలోని ఉష్ణమండల ద్వీప దేశాలే. మూడింటిలోనూ వానలకు లోటు లేదు. అయినా మాల్దీవుల రాజధాని మాలేలో కుళాయి తిప్పితే వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. మారిషస్‌లో అయితే జలాశయంలోనో భూమిలోనో నిలిచిన వాననీరు. భూమధ్యరేఖకు ఎంత దూరం, సముద్రం మీద ఎంత ఎత్తు, కాళ్ల కింద ఏ రాయి: ఈ మూడూ చూస్తే ఏ దీవికి ఏం దక్కిందో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు నీళ్ల సంగతి. మాల్దీవుల్లో ఏడాదికి ఉత్తరాన సుమారు 1,800 మి.మీ., దక్షిణాన 2,200 మి.మీ. దాకా వాన పడుతుంది. కానీ నేల సగటు ఎత్తు మీటరున్నరే. మేఘాన్ని అడ్డుకునే కొండ లేదు, పారే ఏరు లేదు. పగడపు ఇసుకలోకి ఇంకిన వాన, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచని మంచినీటి పొరగా తేలుతుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా నూటికి రెండున్నర పాళ్లు బరువు. ఆ లెక్కన సముద్రమట్టానికి పైన 1 సెం.మీ. మంచినీరు నిలిచిందంటే, కింద 40 సెం.మీ. ఉన్నట్టు. తోడేటప్పుడు ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది: మట్టం 5 సెం.మీ. తగ్గి అలాగే ఉండిపోతే, అడుగు నుంచి ఉప్పునీరు 2 మీటర్లు పైకొస్తుంది. పొర మందమే కొన్ని మీటర్లు! అందుకే ఇలాంటి నేలలో లోతు బోరు వేస్తే చేజేతులా ఉప్పునీరు తెచ్చుకున్నట్టే. లోతు తక్కువ బావులు దూరం దూరంగా తవ్వి, ఒక్కోదాంట్లో కొంచెం కొంచెంగా తోడుకోవాలి. సెప్టిక్ ట్యాంకులు వాటికి దూరంగా ఉండాలి, ఎందుకంటే ఇసుక దేన్నీ ఎక్కువసేపు వడకట్టదు.

జనం కిక్కిరిసిన మాలేలో ఆ పొర చెడిపోయి చాలాకాలమైంది. 2014 డిసెంబరులో అక్కడి ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో మంటలు రేగితే రాజధానికి తాగునీరు కరవైంది. భారత్ విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపాల్సి వచ్చింది.

మారిషస్ 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ఆగ్నేయ వ్యాపార పవనాల దారిలో ఉంది. అగ్నిపర్వతం కట్టిన దీవి కాబట్టి నడుమ పీఠభూమి లేచింది, కొండ కొమ్ము 828 మీటర్లు. తేమగాలి పీఠభూమి ఎక్కుతూ ప్రతి 100 మీటర్లకూ దాదాపు 1 డిగ్రీ చల్లబడి, మబ్బు పట్టి, కురిసిపోతుంది. తూర్పు తీరంలో సుమారు 1,500 మి.మీ., నడిమిట్టన 4,000 మి.మీ., పడమటి తీరంలో 900 మి.మీ. పైమాట. ఇంత చిన్న దీవిలో ఇంత తేడా! పీఠభూమి మీది క్యూర్‌పీప్‌లో ముసురు పట్టి ఉన్న రోజున కూడా పడమటి తీరంలో ఎండ కాయవచ్చు. పైన పడిన వానను మార్ ఓ వకోవా లాంటి జలాశయాలు పట్టుకుంటాయి, మిగతాది బొరియలున్న నల్లరాతిలోకి దిగి భూగర్భజలంగా నిలుస్తుంది. నీటి విషయంలో మూడింటిలో మారిషస్‌దే పైచేయి.

సీషెల్స్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. మహే దీవిలో కొండ 905 మీటర్లు, వాన తీరంలోనే 2,300 మి.మీ. దాకా పడుతుంది. చిక్కంతా రాయితోనే. అది గోండ్వానా ఖండం విడిపోయినప్పుడు మిగిలిపోయిన ముక్క, దాదాపు 75 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పగుళ్లలో తప్ప నీరు దిగదు, పైన మట్టి పలచన, వాలు నిటారు. పడిన వాన గంటల్లో సముద్రంలో కలుస్తుంది. కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా సాగే పొడి కాలంలో కొన్ని వారాలు చినుకు లేకపోతే చాలు, నీటికి రేషన్ మొదలవుతుంది. గట్టి వాన పడితే కొండచరియలు విరిగిపడతాయి.

తుపాన్ల దగ్గరికొస్తే లెక్క తారుమారవుతుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపు భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మెలిక చాలదు, తుపాను సుడి తిరగడం అరుదు. మాల్దీవులు చాలావరకు, మహే చుట్టుపక్కల దీవులు అలా గట్టెక్కాయి. సీషెల్స్‌కే చెందిన ఫార్క్వార్ 10 డిగ్రీల దగ్గర ఉండటంతో 2016 ఏప్రిల్‌లో ఫాంటాలా తుపానుకు చితికిపోయింది. మారిషస్ సరిగ్గా తుపాన్ల దారిలోనే ఉంది. 1960లో కరోల్, 1975లో జెర్వేజ్ ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేశాయి. అక్కడ చెరుకు రాజ్యమేలడానికి ఇదొక కారణం: గాలికి పడుకుంటుంది, ఆకు చీలుతుంది, కానీ దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. నిలువెత్తు చెట్ల పంటలకు ఆ అవకాశం లేదు. తెలుగు కూలీలు కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్లింది ఈ చెరుకు తోటలకే. పిప్పిని కాల్చి ఇప్పుడు కరెంటు కూడా తీస్తున్నారు. ఇంకో మెలిక ఉంది. జలాశయాలు నిండేది ఎక్కువగా జనవరి-మార్చి వానలకే, వాటిలో తుపాన్ల వాటా పెద్దది. ఆ వానలు మొహం చాటేస్తే కరవే, 1999లో చెరుకు పంట అలాగే దెబ్బతింది.

చేపలకు సీషెల్స్. 5 నుంచి 10 డిగ్రీల దక్షిణాన, ఉత్తరపు రుతుపవనాలకూ దక్షిణపు వ్యాపార పవనాలకూ నడుమ, లోతునుండే చల్లని పోషకజలం ఉపరితలానికి దగ్గరగా లేస్తుంది. ట్యూనా గుంపులు వలకు అందే లోతులోనే తిరుగుతాయి, రాజధాని విక్టోరియా రేవు ఎక్కువగా ట్యూనా వ్యాపారం మీదే నడుస్తుంది. పడమటి హిందూ మహాసముద్రం మామూలు కన్నా వేడెక్కిన ఏడు మాత్రం వేడినీటి పొర మందమై చేప లోతుకు దిగుతుంది. 1997-98లో అలా జరిగి పడవలు తూర్పు వైపుకు తరలిపోయాయి.

మాల్దీవుల ట్యూనా వేట గాలంతో. ముందు పగడపు దిబ్బల దగ్గర చిన్న ఎర చేపల్ని ప్రాణంతో పట్టి తొట్టెలో ఉంచుతారు. గుంపు కనబడగానే ఎర చల్లి, నీళ్లు చిమ్మి, ముల్లు లేని కొక్కేలతో ఒక్కొక్కటిగా లాగుతారు. వలకన్నా మెల్లగా సాగే పని, కానీ అనవసరపు జీవాలు దాదాపు పడవు. అయితే ఎర దొరకాలంటే దిబ్బ బతికుండాలి. 1998లో నీరు వేడెక్కి లోతు తక్కువ చోట్ల పగడాలు చాలావరకు చచ్చిపోయాయి.

సాగుకు, నీటికి మారిషస్, గాలి భయానికి తట్టుకునే ఇళ్లు కట్టుకోగలిగితే. సముద్రం మీద బతకడానికి సీషెల్స్, పొడి కాలపు నీటికి ఉప్పు తీసే యంత్రాల ఖర్చు భరించగలిగితే. మాల్దీవులకు తుపాను బెంగ తక్కువే గానీ, వాననీటి తొట్టెలు, ఉప్పు తీసే యంత్రాలు, దిగుమతి ఆహారం లేనిదే పూట గడవదు.