"ఫర్గివింగ్" గోల్ఫ్ ఐరన్స్ అని నమ్మి 62 వేలు పోగొట్టుకున్నా, సెకండ్ హ్యాండ్ సెట్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఇంకా చెయ్యి జివ్వుమంటూనే ఉంది. పొద్దున కొట్టిన 5 ఐరన్ (లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్ర) వల్లో, ఈ సెట్ అమ్మినాయన మీద కోపం వల్లో తెలీదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరి గురించో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. హైదరాబాద్‌లో గోల్ఫ్ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళందరికీ ఆయన తెలుసు. ప్రతి ఆదివారం సాయంత్రం "ఫ్రెష్ స్టాక్" అని వరసగా డజను ఫొటోలు పడతాయే, ఆయనే. పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తానని నిన్ననే అన్నాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 46 ఏళ్ళు, మొదలుపెట్టి రెండేళ్ళు, హ్యాండికాప్ 24 (ఈ అంకె ఎంత ఎక్కువైతే ఆట అంత బలహీనం). ఆఫీసులో ఒకాయన వదిలించుకున్న పాత సెట్‌తో ఇన్నాళ్ళూ లాక్కొచ్చా. ఈసారి నా ఆటకి సరిపోయేది, కాస్త తప్పు కొట్టినా బంతిని ముందుకి తోసేది ("ఫర్గివింగ్" అంటే అదే) కొందామనుకున్నా. గ్రూపులో ఆయన పెట్టింది చూశా: "టైటిలిస్ట్ టీ సిరీస్, 4 టు పీడబ్ల్యూ, సూపర్ ఫర్గివింగ్, హై హ్యాండికాప్‌కి బెస్ట్." 4 నుంచి 9 దాకా, పిచింగ్ వెడ్జ్ (పీడబ్ల్యూ) కలిపి 7 క్లబ్బులు, 62,000. అంటే ఒక్కోటి దాదాపు 8,850. మెసేజ్ పెట్టా. "వచ్చి కొట్టి చూడండి సార్, నచ్చితేనే తీసుకోండి" అన్నాడు. ఎంత పెద్దమనిషో అనుకున్నా.

ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్తే చేతికి ఒక 7 ఐరన్ ఇచ్చాడు. ఆ క్లబ్బు నిజంగా బావుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఓ ముప్పై బంతులు కొట్టా. టోకి (తల చివరి అంచుకి) తగిలినా పోయింది, కింద తగిలినా పోయింది. నేను కొడితే 7 ఐరన్ 135 యార్డ్‌లు వెళ్ళడం జీవితంలో అదే మొదటిసారి. సంతోషం పట్టలేక క్లబ్బుని బంతి వెనక పెట్టి, పైనుంచి ఫొటో తీసి డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి పంపించా. ఈ ఫొటో గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

"మిగతావి ఇంట్లో ఉన్నాయి సార్, ప్యాక్ చేసి శుక్రవారం తెస్తా." యూపీఐలో 20 వేలు అడ్వాన్స్ కొట్టా. శుక్రవారం బబుల్ ర్యాప్‌లో చుట్టి తెచ్చాడు, గ్రిప్పులు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. గ్రిప్పులు అవే. చినుకులు పడుతున్నాయి, ఆయనేమో బైక్ స్టార్ట్ చేసే ఉంచాడు. ఎదురుగా విప్పి చూస్తే ఏమనుకుంటాడో అని మొహమాటం. మిగతా 42 వేలు కూడా కొట్టేశా.

ఇక్కడ ఆగి నన్ను నేను రెండు తిట్టుకోవాలి. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాం. పుచ్చకాయని తట్టి చూస్తాం. కిలో బెండకాయలకి ఒక్కో దాని కొన విరిచి చూసే మనిషిని, 62 వేల వస్తువు దగ్గర మొహమాటపడ్డా!

ఇంటికొచ్చి విప్పా. వెనక "టీ100" అని ఉంది. రేంజ్‌లో నేను కొట్టిన దాని మీద "టీ300" అని చూసిన గుర్తు. అయినా పట్టించుకోలేదు. ఫోన్లకి ఉన్నట్టు ఏదో మోడల్ నంబరు అనుకున్నా. కాస్త సన్నగా, అందంగా, నగల షాపు అద్దాల్లో పెట్టేలా ఉన్నాయి. మా ఆవిడకి కూడా చూపించా, "బావున్నాయి" అంది. నాకు అంతకంటే ఏం కావాలి.

శనివారం గోల్కొండలో ఆడా. వానలకి నేల మెత్తబడి ఉంది. మొదటి హోల్‌లో 7 ఐరన్ తీశా. క్లబ్బు బంతి కంటే ముందే నేలలోకి దిగింది. చపాతీ అంత పచ్చిక లేచి నాకంటే ముందు పడింది, బంతి దాని వెనక. సరే, మొదటి షాట్ కదా. మూడో హోల్‌లో 5 ఐరన్ టోకి తగిలింది, మణికట్టు నుంచి మోచేయి దాకా కరెంటు కొట్టినట్టయింది. బంతి కుడివైపు పొదల్లోకి. తొమ్మిది హోల్స్ అయ్యేసరికి నాలుగు బంతులు మాయం. 7 ఐరన్ సరిగ్గా తగిలినప్పుడు కూడా 120 దాటలేదు.

అప్పుడు బ్యాగ్ మోసే మా క్యాడీ, అరవై దాటిన మనిషి, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు, నా బ్యాగ్‌లోంచి 6 ఐరన్ తీసి తిరగేసి సోల్ (తల అడుగుభాగం) మీద బొటనవేలు అడ్డంగా పెట్టాడు. వేలు రెండు పక్కలా బయటికొచ్చింది, అడుగు అంత సన్నం. "సార్, ఇవి సింగిల్ డిజిట్ హ్యాండికాప్ వాళ్ళు ఆడేవి. మీకెవరిచ్చారు?" అన్నాడు. ఎవరిచ్చారో చెప్పా. ఆయన ఏమీ అనలేదు, క్లబ్బు తుడిచి బ్యాగ్‌లో పెట్టేశాడు. ఆ తుడిచిన తీరులోనే నాకు అర్థమైంది, ఆయనకి ఈ కథ కొత్త కాదని.

ఆ రాత్రి కూర్చుని చదివా. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు అన్నమాట. ఆ టీ సిరీస్‌లో అంకె పెరిగేకొద్దీ క్షమాగుణం పెరుగుతుందట. టీ100 టూర్ ప్లేయర్ల (ప్రొఫెషనల్స్) కోసం చేసింది. చిన్న తల, సన్నటి టాప్‌లైన్ (పైనుంచి చూస్తే కనిపించే తల అంచు), సన్నటి సోల్, ఆఫ్‌సెట్ (కర్ర దిగే మెడ కంటే ముఖం వెనక్కి ఉండడం) దాదాపు లేనట్టే. టీ300 నాలాంటి వాళ్ళది. 7 ఐరన్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం, తక్కువైతే దూరం ఎక్కువ) ఒకదానికి 34 డిగ్రీలు, ఇంకోదానికి 29. రెండింటి మీదా "7" అనే రాసి ఉంటుంది! ఐదు డిగ్రీలంటే పక్కపక్క నంబర్ల మధ్య ఉండే తేడా కంటే ఎక్కువే. ఇక షాఫ్ట్, అంటే కర్ర. నేను రేంజ్‌లో కొట్టింది తేలికపాటి స్టీల్, రెగ్యులర్ ఫ్లెక్స్ (కాస్త వంగేది). నాకిచ్చిన వాటికి డైనమిక్ గోల్డ్ ఎస్300 అనే బిరుసు షాఫ్ట్ ఉంది, ఒక్కో షాఫ్టే 130 గ్రాముల దాకా బరువు. పద్నాలుగో హోల్‌కి నా భుజాలు ఎందుకు పడిపోయాయో అప్పుడు తెలిసింది.

బావమరిదికి పంపిన ఫొటో తీసి, అదే కోణంలో ఇంట్లో కొత్త 7 ఐరన్ పెట్టి ఇంకో ఫొటో తీశా. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. మొదటి దాంట్లో మెడ ముందుకి, అంచు కాస్త వెనక్కి ఉంది, టాప్‌లైన్ మందంగా ఉంది. రెండోది గీత గీసినట్టుంది.

టీ100 చెడ్డ క్లబ్బు అనట్లేదు, ఆ కంపెనీ మీద నాకేం కోపం లేదు. బుట్టలో పైన బంగినపల్లి పేర్చి కింద కలెక్టర్ కాయలు పెట్టి అమ్మారు, అదీ నా బాధ. కలెక్టర్ కాయకి దాని పని దానికుంది. నేను కొన్నది కోసుకుని తినడానికి కదా.

ఇప్పుడు అసలు సంగతి. మర్నాడు రేంజ్‌కి వెళ్ళా, ఆయన అక్కడే ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు, ఇద్దరు క్యాడీలు, కొత్తగా నేర్చుకుంటున్న ఒక కుర్రాడు, వాళ్ళ నాన్న. మర్యాదగానే పక్కకి పిలిచా. రాలేదు. "ఇక్కడే చెప్పండి సార్, దాపరికం ఏముంది" అన్నాడు. సరే అని చెప్పా, నేను కొట్టింది వేరు, మీరిచ్చింది వేరు అని. ఫొటోలు చూపించా.

ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. "సేమ్ సిరీస్ సార్. ఇది పైమోడల్. వేరేవాళ్ళైతే ఇంకో పదివేలు అడిగేవారు, నేను మీకు అప్‌గ్రేడ్ చేసి ఇచ్చా." నేను హై హ్యాండికాప్‌కి అని కదా పెట్టారు, ఇవి ఫర్గివింగ్ కాదు కదా అన్నా. "వెనకాల చూడండి, కేవిటీ ఉందా లేదా? కేవిటీ బ్యాక్ అంటేనే ఫర్గివింగ్. నెట్‌లో చూసుకోండి." నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే వెనక గుంట నిజంగానే ఉంది! అందులోనే ఉంది ఆయన తెలివంతా.

అప్పుడు నా చేతిలోంచి 7 ఐరన్ లాక్కున్నాడు. నిజంగానే లాక్కున్నాడు. మ్యాట్ మీద ఉన్న బంతిని, ప్రాక్టీస్ స్వింగ్ కూడా లేకుండా, ఒక్కటి కొట్టాడు. టప్‌మని ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. బంతి తాడు కట్టి లాగినట్టు వెళ్ళి 150 యార్డ్‌ల బోర్డు పక్కన పడింది. క్యాడీల వైపు తిరిగి "క్లబ్బులో ఏమైనా తేడా ఉందా?" అని అడిగాడు. వాళ్ళేం చెప్తారు పాపం, నవ్వారు. తర్వాత క్లబ్బు నా చేతిలో పెట్టి, భుజం మీద తట్టి, అందరికీ వినబడేలా, "ఫర్గివింగ్ కావాలంటే గుడికి వెళ్ళండి సార్. ఇది గోల్ఫు."

ఆ కుర్రాడు కూడా నవ్వాడు. పదిహేనేళ్ళుంటాయేమో.

డబ్బు సంగతి వదిలేయండి. ఆ "సార్" ఉంది చూశారా, అది కాల్చేసింది. తిట్టినా ఇంత మంట ఉండేది కాదు. ఆయన సింగిల్ హ్యాండికాప్ ఆటగాడు, ఆయన కొడితే చీపురుకట్ట కూడా నిటారుగా పంపుతుంది. దాన్ని చూపించి నన్ను నలుగురిలో చేతకానివాణ్ణి చేశాడు. నేను చేతకానివాణ్ణే, అందుకే కదా ఆ సెట్ అడిగింది!

డబ్బు వెనక్కి ఇవ్వమంటే "వాడిన సరుకు, రిటర్న్ లేదు". సాయంత్రం మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు, జవాబు లేదు. రాత్రి పదింటికి గ్రూప్‌లోంచి తీసేశారు. అడ్మిన్ ఎవరనుకుంటున్నారు? చాట్ మొత్తం వెనక్కి వెళ్ళి చూశా, ఎక్కడా మోడల్ నంబరు రాయలేదు మహానుభావుడు. అన్నిచోట్లా "టీ సిరీస్". నా పేమెంట్ నోట్‌లో నేను రాసింది "గోల్ఫ్" అని ఒక్క ముక్క. శభాష్ నాకు.

బావమరిది ఫోన్ చేసి, "బావా, ఫిట్టింగ్ (మన ఒంటికి, స్వింగ్‌కి తగ్గ కొలతలు) చేయించుకోకుండా ఎవరైనా కొంటారా" అన్నాడు. వాడు చెప్పింది కరెక్టే. కానీ డబ్బు పోయిన రోజు కరెక్టు మాటలు వినబుద్ధి కాదు.

ఆ కేవిటీ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను పడ్డది అక్కడే. గుంట ఉన్నంత మాత్రాన చాలదు. మధ్యలోంచి తీసిన లోహం అంచులకి, కిందకి ఎంత చేరింది, తల ఎంత పెద్దది అన్నదే లెక్క. బరువు అంచుల్లో ఉంటే బంతి పక్కకి తగిలినా తల మెలితిరగదు, అందుకే దూరం మరీ పడిపోదు, చెయ్యి జివ్వుమనదు. ఇది పింగ్ అనే క్లబ్బుల కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1950ల చివర్లోనే, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా ఉంటూ, పుటర్ల (హోల్ దగ్గర బంతిని నెట్టే క్లబ్బులు) మీద తేల్చిన ముక్క. తర్వాత ఐరన్స్‌కి వచ్చింది, 1982లో వచ్చిన పింగ్ ఐ2 సెట్లు ఇప్పటికీ కొందరి బ్యాగుల్లో ఉంటాయి. నేనూ ఇంజినీర్నే. ఎందుకూ పనికిరాలేదు.

ఇంకో మాట, రేంజ్‌లో మ్యాట్ మీద ఏ క్లబ్బైనా బాగానే అనిపిస్తుంది. బంతి కంటే వెనక తగిలినా మ్యాట్ మీద జారిపోతుంది. వెడల్పు సోల్ విలువ పచ్చిక మీదే తెలుస్తుంది, అదీ వానాకాలంలో.

కొనేవాళ్ళకి ఏం చెప్పను. మోడల్ పేరు, షాఫ్ట్, ఫ్లెక్స్ చాట్‌లో రాయించుకోండి. కొట్టి చూసిన క్లబ్బు అదే సెట్‌లోది అయ్యుండాలి, డబ్బు కట్టేముందు ఏడూ విప్పించండి, వాన పడినా సరే. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీత గీసి, ఆ గీత క్లబ్బు వైపు పెట్టి కొట్టండి, ముఖం మీద మరక ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. నావన్నీ టో వైపే, ఆలస్యంగా తెలిసింది. నా స్థాయి వాళ్ళు 4 ఐరన్‌కి డబ్బే పెట్టకండి, హైబ్రిడ్ (దాని బదులు వాడే, కొట్టడం తేలికైన క్లబ్బు) తీసుకోండి. అంతే, ఇంకేం గుర్తురావట్లేదు.

ఎడిట్: పర్సనల్‌గా అడుగుతున్నవాళ్ళకి, అవును, అమ్మేస్తున్నా. ఒకాయన 45 వేలు అన్నాడు, ఆలోచిస్తున్నా. టీ100, 4 నుంచి పీడబ్ల్యూ, డైనమిక్ గోల్డ్ ఎస్300. ఫర్గివింగ్ కాదు. హ్యాండికాప్ 10 దాటినవాళ్ళు దయచేసి అడగొద్దు. ఇంటికి రండి, ఏడూ హాల్లో సోఫా మీద పరిచి ఉంచుతా, కాఫీ తాగుతూ ఎంతసేపైనా చూసుకోండి. 5 ఐరన్ టో దగ్గర చిన్న గీత ఉంది, అది నేను చేసిందే.