విస్టాకు తిట్లు, సెవెన్‌కు పొగడ్తలు

మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు విండోస్ విస్టా, విండోస్ 7 రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సొమ్మొకడిది సోకొకడిది అనిపిస్తుంది.

2007 జనవరిలో విస్టా మార్కెట్లోకి వచ్చేసరికి గ్రాఫిక్స్‌కి కొత్త డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పద్ధతి పెట్టారు, ఆడియో భాగాన్ని దాదాపు మొత్తం తిరగరాశారు, 64 బిట్ వెర్షన్ అయితే డిజిటల్ సంతకం లేని కెర్నెల్ (విండోస్ లోపలి గుండెకాయ) డ్రైవర్‌ని రానివ్వనంది. ఆలోచన మంచిదే, కానీ అంతకుముందున్న విండోస్ ఎక్స్‌పీకి రాసిన డ్రైవర్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి. నిన్నటిదాకా శుభ్రంగా పనిచేసిన స్కానర్‌ని తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కంపెనీ సైట్‌కి వెళ్తే ఎక్స్‌పీ దగ్గరే ఆగిపోయిన డౌన్‌లోడ్లు. సౌండ్ బ్లాస్టర్ కార్డులు కొన్నవాళ్ల బాధ ఇంకో రకం: గేములు శబ్దానికి వాడే విండోస్ భాగం డైరెక్ట్‌సౌండ్‌కి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ఆ పని సౌండ్ కార్డే చేసిపెట్టడం) తీసేయడంతో పాత గేముల్లో ఈఏఎక్స్ అనే ప్రతిధ్వని లాంటి సౌండ్ ఎఫెక్టులు మూగబోయాయి. కోర్టు కేసులో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ లెక్క చూస్తే, 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవర్ల ఖాతాలోవి. తిట్లు మాత్రం అన్నీ విస్టాకే!

2009 అక్టోబర్‌లో వచ్చిన 7 లోపల చాలావరకు అదే పునాది, వెర్షన్ నంబర్ కూడా 6.0 నుంచి 6.1కి జరిగిందంతే. కాబట్టి విస్టా డ్రైవర్లు ఎక్కువ శాతం దీంట్లోనూ నడిచాయి, ఈలోపు హార్డ్‌వేర్ కంపెనీలకు రెండేళ్లకు పైగా టైం దొరికింది.

రెండిట్లో ఏదంటే నేనూ 7 అనే అంటాను. కాకపోతే విస్టాకి డ్రైవర్ రాయని కంపెనీలు పాత ప్రింటర్లకి 7 వచ్చాక కూడా పెద్దగా రాసిందేం లేదు.