డాంటేలో ఆడియో తెగుతోంది: లేటెన్సీ పెంచడమా, స్విచ్ సరిచేయడమా?

డాంటే అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి. అందులో ఆడియో తెగగానే చాలామంది చెయ్యి ముందు లేటెన్సీ (ప్యాకెట్ కోసం డివైస్ ఆగే సమయం) సెట్టింగ్ మీదికే పోతుంది. 1 మిల్లీసెకను తీసేసి 5 పెడతారు. ఒక్కోసారి అది పనిచేస్తుంది, ఒక్కోసారి ఏ మార్పూ ఉండదు. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ఆడియో ముక్క) ఆలస్యంగా వస్తోందా, అసలు రావడమే లేదా అన్నదే అసలు సంగతి. డాంటే ఆడియో యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మీద వెళ్తుంది. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపడమంటూ ఉండదు. లేటెన్సీ పెంచితే ఆలస్యమైనవి అందుతాయి, దారిలో పోయినవి పోయినట్టే.

అందుకే ముందు డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో, ఆడియో అందుకునే డివైస్ లేటెన్సీ ట్యాబ్ చూడండి. గ్రాఫ్‌లో ఎరుపు కనిపిస్తే ఆలస్యం ఉన్నట్టే. గ్రాఫ్ అంతా ఆకుపచ్చగా ఉండి కూడా శబ్దం తెగుతుంటే క్లాక్ స్టేటస్‌కి (డివైస్‌లన్నీ ఒకే క్లాక్‌తో కలిసి నడుస్తున్నాయా అని చూపేది) వెళ్లండి. సింక్ పోయిన డివైస్ తనంతట తానే మ్యూట్ అవుతుంది. దానికి లేటెన్సీ మందు కాదు.

లేటెన్సీ మార్చడానికి నిమిషం చాలు, స్విచ్ పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. కానీ మైక్ సిగ్నల్ స్టేజ్‌బాక్స్ (స్టేజి మీద మైకులు గుచ్చే పెట్టె) నుంచి మిక్సర్‌కి, అక్కణ్ణుంచి మళ్లీ స్టేజికి వస్తుంది. రెండు ప్రయాణాలకూ 5 చొప్పున 10 మిల్లీసెకన్లు. మిక్సర్ తీసుకునేది అదనం. ఇన్-ఇయర్ (తమ పాట తాము వినే ఇయర్‌ఫోన్) పెట్టుకున్న గాయకులకు తమ గొంతే బోలుగా వినిపిస్తుంది. నన్నడిగితే షో రోజున 2 దగ్గర ఆగడం మంచిది. అదీ పాటకూ పాటకూ మధ్యే మార్చండి, ఆ క్షణంలో ఆడియో తెగొచ్చు.

స్విచ్ సరిచేయడానికి టైం పడుతుంది, కానీ రోగం కుదిరేది అక్కడే. మొదట అన్ని పోర్టుల్లోనూ ఈఈఈ (కరెంటు ఆదా చేసే సెట్టింగ్) ఆపేయండి: ట్రాఫిక్ తగ్గినప్పుడు పోర్టు నిద్రపోయి లేస్తుంటే క్లాక్ ప్యాకెట్ల టైమింగ్ చెదురుతుంది. ఈఈఈ ఆపే వీలులేని స్విచ్‌ను పక్కన పెట్టేయండి. తర్వాత క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) స్ట్రిక్ట్ ప్రయారిటీలో డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీది ప్రాధాన్య నంబర్) 56 అన్నిటికంటే పైన, 46 దాని కింద, 8 ఇంకా కింద, మిగతాదంతా అడుగున. మల్టీకాస్ట్ (ఒకే ఆడియోను ఒకేసారి చాలా డివైస్‌లకు పంపడం) వాడుతుంటే ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే దాన్ని పంపే సెట్టింగ్) ఆన్ చేసి, క్వెరియర్ (ఎవరికి కావాలో అడుగుతుండే స్విచ్) ఉందో లేదో చూసుకోండి. పోర్టు కౌంటర్లలో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ప్యాకెట్ల లెక్క) పెరుగుతుంటే సెట్టింగులతో కుస్తీ వద్దు, ముందు కేబుల్ మార్చండి.

వీడియో, వైఫై కూడా అదే స్విచ్ మీద ఉంటే ఆడియోకి వేరే స్విచ్ పెట్టడం అన్నిటికంటే మేలు. వీలాన్‌తో (ఒకే స్విచ్‌ను వేరువేరు నెట్‌వర్క్‌లుగా విడదీయడం) విడదీసినా ట్రంక్ లింక్ (స్విచ్‌ల మధ్య అన్నీ కలిసి వెళ్లే కేబుల్) ఒక్కటే కాబట్టి క్యూఓఎస్ తప్పదు.