మా ఊరి చెరువులో కరువు పని: కూలీ సరే, కొలతే పేచీ

2025 వేసవిలో వరంగల్ జిల్లాలోని మా ఊరి చెరువులో జరిగిన ఉపాధి హామీ పూడికతీతను (మా వైపు దీన్నే కరువు పని అంటారు) ప్రభుత్వం అందించిన ఒక సేవగా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. 2005 నాటి ఉపాధి హామీ చట్టం లబ్ధిదారుల్లో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలని చెప్పింది. మా చెరువులో అయితే మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కనిపించారు. మిగిలినవారు పట్నం అడ్డా కూలీకి పోవడంతో తట్టతో పాటు గడ్డపార కూడా ఆడవాళ్ల చేతికే వచ్చింది.

ఈ పనిలో అన్నిటికన్నా మెచ్చవలసింది సమాన కూలీ. ఒకే చేనులో మగవాళ్లకు ఒక రేటు, ఆడవాళ్లకు ఒక రేటు నడిచే మా ప్రాంతంలో, మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఎవరి పేరున్నా ఒకే లెక్క కట్టడం, ఆ డబ్బు నేరుగా పనిచేసిన ఆడమనిషి ఖాతాలో పడడం చిన్న విషయం కాదు. పొదుపు సంఘం అప్పు కిస్తీ కట్టడానికి మా అమ్మ ఆ నెలలో ఎవరినీ అడగలేదు. కరువు పని నడుస్తున్నన్నాళ్లు ఆసాములు కూడా కూలీ బేరంలో కాస్త దిగివస్తారు (పైకి మాత్రం పథకాన్ని తిడుతూనే ఉంటారు).

పేచీ అంతా కొలతల దగ్గరే. ఆ ఏడాది తెలంగాణకు ప్రకటించిన రోజు కూలీ 307 రూపాయలు. కానీ తవ్విన మట్టిని గ్రూపులవారీగా కొలిచాకే ఎంత వస్తుందో తేలుతుంది. పైపొర నల్లమట్టి పెళ్లలుగా లేచినా, దాని కింద మొరం తగిలిన చోట గడ్డపార ఎగిరిపడుతుంది. రెండింటికీ ఒకే అంచనా రాయడంతో మొరం వైపు పడ్డ గ్రూపుకు కూలీ బాగా తగ్గింది. అందుకే వయసు మళ్లినవాళ్లను గ్రూపులో కలుపుకోవడానికి తోటివాళ్లే వెనకాడారు.

హాజరు యాప్‌లో రెండు పూటలా ఫోటో దిగాల్సి వచ్చింది కనుక, పొద్దున్నే పని ముగించినవాళ్లు కూడా సిగ్నల్ కోసం ఎండలో కాచుకున్నారు. చట్టం చెప్పిన నీడ తుమ్మచెట్టుదే. నీళ్లు ఎవరి సీసాలో వారివే. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే ఒక ఆయాను పెట్టాలన్న నిబంధన ఎవరికీ గుర్తు రాలేదు. పదిహేను రోజుల్లో రావలసిన కూలీ కూడా ఆలస్యమైంది.

ఇన్ని లోపాలున్నా పనికి వెళ్లమనే నేను చెబుతాను. అయితే పని కావాలని నోటిమాటగా అడగకుండా దరఖాస్తు రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి; పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగడానికి అదే ఆధారం. కొలతలు తీసే రోజు గ్రూపులో ఒకరు టేపు పక్కనే నిలబడి అంకెలు రాసుకుంటే, పనుల లెక్కలను ఊరి ముందు పరిశీలించే సామాజిక తనిఖీ సభలో వాటిని కొలతల పుస్తకంతో సరిచూడమని అడగవచ్చు.