హెడ్‌లెస్సా, మామూలు థీమా? బరంపురం, జయపురం వైపు ఆన్‌లైన్ షాపులకి ఏది మేలు

ఈమధ్య బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్ళు చాలామంది షాపుని ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, పట్టు చీరలు, అప్పడాలు, ఊరగాయలు, జయపురం వైపైతే కోరాపుట్ కాఫీ, కాలాజీరా బియ్యం. సైట్ కాస్త స్లోగా ఉందంటే చాలు, హెడ్‌లెస్‌కి మారిపోండి అని సలహా వచ్చేస్తోంది. నా మాట ముందే చెప్పేస్తా, వీళ్ళలో ఎక్కువమందికి అది అక్కర్లేదు.

షాపిఫై అంటే నెలకింత కట్టి ఆన్‌లైన్ షాపు నడుపుకునే సర్వీసు. మామూలు షాపిఫై షాపులో స్టాకు, ఆర్డర్లు, పేమెంట్లు చూసే వెనక భాగం, కొనేవాళ్ళకి కనిపించే థీమ్, రెండూ కలిసే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ సైట్‌ని షాపుగా మార్చే వూకామర్స్ కూడా అంతే. హెడ్‌లెస్ అంటే ఆ కనిపించే భాగం తీసేసి మనమే వేరేగా నెక్స్ట్ జేఎస్ లాంటి వెబ్‌సైట్లు కట్టే సాధనంలో కట్టించుకోవడం, ధరెంత, సరుకుందా అని అది ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారి) ద్వారా వెనక భాగాన్ని అడుగుతూ ఉంటుంది. షాపిఫై వాళ్ళే దీనికోసం 2021లో హైడ్రోజన్ అనే సాధనం తెచ్చారు, వెనక భాగం కూడా ఓపెన్ సోర్స్‌ది, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకునేది, కావాలంటే సేలియర్, మెడూసా ఉన్నాయి.

అందరూ ముందు చెప్పేది స్పీడు. గూగుల్ లెక్క ప్రకారం పేజీలో పెద్ద బొమ్మో, పెద్ద అక్షరాలో 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు పేజీ కదలాలి. ఇప్పుడు ఒక పట్టు చీర పేజీని పేజీ వేగం కొలిచే గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి చూడండి, ఎక్కువసార్లు దొరికేది ఏంటంటే, ఫోన్‌లో తీసిన ఫోటోని తగ్గించకుండా అలాగే స్లైడర్‌లో పెట్టేసుంటారు, అన్నిటికన్నా ముందు కనపడాల్సిన చీర అంచు ఫోటోకే లేజీ లోడ్ (కిందికి జరిపాకే ఫోటో తెచ్చే పద్ధతి) పెట్టేసుంటారు, చాట్ బటన్‌కొకటి, పాపప్‌కొకటి, ఎప్పుడో తీసేసిన యాప్ వదిలేసిన స్క్రిప్ట్ ఇంకొకటి నడుస్తూనే ఉంటాయి. ఇవన్నీ థీమ్ ఉండగానే సరిచేసుకోవచ్చు, చెయ్యి తిరిగిన మనిషికి పెద్ద పనేం కాదు. పైగా హెడ్‌లెస్ సైట్ కూడా సరిగ్గా కట్టకపోతే జావాస్క్రిప్ట్ బరువుకి చవక ఫోన్లో ఇంకా ఈడుస్తుంది, గునుపురం అవతల సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్ళలో కొనేవాళ్ళకి అదే పెద్ద కష్టం.

స్పీడు కన్నా నాకు రోజువారీ పనే ముఖ్యం. బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర వచ్చిందనుకోండి, బ్యానర్ మార్చాలి, ఆఫర్ పెట్టాలి, థీమ్ ఉంటే కొట్లో కూర్చున్న అబ్బాయే ఎడిటర్ తెరిచి మార్చేస్తాడు. హెడ్‌లెస్‌లో ఆ ఎడిటర్ పనిచెయ్యదు, వేరే సీఎంఎస్ (కోడ్ ముట్టుకోకుండా సైట్‌లో రాతలు, బొమ్మలు మార్చుకునే సాఫ్ట్‌వేర్) ఏదైనా కలిపి ఉంటే సరే, లేకపోతే విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న డెవలపర్‌కి ఫోన్ చెయ్యాలి, ఆయన ఎత్తాలి. రివ్యూలు, విష్‌లిస్ట్, వాట్సాప్ బటన్ లాంటి యాప్‌లు థీమ్‌లో అయితే ఒక్క క్లిక్‌తో కూర్చుంటాయి, ఇక్కడ ఒక్కోటీ విడిగా కలిపించుకోవాలి, కొన్నిటికి ఏపీఐయే ఉండదు. పాత లింకు నొక్కితే కొత్త పేజీకి పంపే రీడైరెక్ట్‌లు, గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్, గూగుల్‌కి చెప్పాల్సిన ధర వివరాలు కూడా మన నెత్తిమీదే. తెలుగు, ఒడియా, హిందీ మూడు భాషల్లో షాపు కావాలన్నా దానికోసం హెడ్‌లెస్ అవసరం లేదు, థీమ్‌లో భాష మార్చుకునే సదుపాయం ఎప్పట్నుంచో ఉంది.

మరి ఎవరికి మేలు? ఒకే స్టాకుని వెబ్‌సైట్, మొబైల్ యాప్, కొట్లో టచ్ స్క్రీన్, హోల్‌సేల్ వాళ్ళకి వేరే ధరల పోర్టల్ అన్నిట్లో చూపించాల్సినవాళ్ళకి, అంటే ముందు భాగాలు మూడు నాలుగు ఉన్నవాళ్ళకి. లేదా చీర అంచు, కొంగు, రంగు విడివిడిగా ఎంచుకుని మగ్గం మీద నేయించుకునే ఆర్డర్ లాంటిది, ఏ థీమూ ఇవ్వలేనిది కావాల్సినవాళ్ళకి. వాళ్ళక్కూడా జీతం మీద కనీసం ఒక డెవలపర్ ఉండాలి, ఇది గట్టిగా చెప్తున్నా. కట్టించడానికి ఒకసారి అయ్యే ఖర్చు కాదు ఇది, వెనక ఏపీఐ వెర్షన్ మారినప్పుడల్లా ముందు భాగం చూసుకోవాలి, వెనక భాగానికి కట్టే నెలవారీ డబ్బు ఎలాగూ తప్పదు, దానిమీద ముందు భాగం హోస్టింగ్, సీఎంఎస్ బిల్లులు తోడవుతాయి.

యాప్ ఒక్కటే కావాలంటే సైట్‌ని థీమ్ మీదే ఉంచి, యాప్‌ని మాత్రం సరుకులు, ధరలు బయటి యాప్‌లకి అందించే షాపిఫై స్టోర్‌ఫ్రంట్ ఏపీఐ మీద కట్టించుకోవచ్చు, స్టాకు రెండిటికీ ఒకటే, సైట్‌ని ముట్టుకోనక్కర్లేదు. జయపురం కాఫీ షాపుల లాంటివి పెరిగే కొద్దీ నాకైతే ఈ దారే నచ్చుతుంది. ఇది కాదు, పూర్తిగా మారతాం అనుకుంటే మాత్రం ఏజెన్సీ వాళ్ళ దగ్గర రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి, కోడ్ మీ సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) అకౌంట్‌లో ఉండాలి, జాతర రోజుల్లో కార్ట్ పనిచెయ్యకపోతే ఎన్ని గంటల్లో ఎవరు చూస్తారో పేరుతో సహా ఉండాలి. అది రాసివ్వడానికి వెనకాడితే అడ్వాన్స్ ఇవ్వకండి.