పరగడుపు మాత్ర, శుక్రవారం సూది

షుగరును అదుపు చేసి, బరువునూ తగ్గించే సెమాగ్లూటైడ్ అనే మందును రెండున్నరేళ్లు మాత్రగా మింగాను. 2025 జులై చివరి నుంచి అదే మందును వారానికొకసారి పొట్టకు పొడుచుకుంటున్నాను. ఈ మాట చెప్పగానే అందరూ సూది గురించే అడుగుతారు. నొప్పి పుడుతుందా, రక్తం వస్తుందా, భయం వేయదా అని. మాత్ర గురించి ఒక్కరూ అడగరు. మాత్రే కదా, మింగేస్తే అయిపోతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదట మాత్రకు ఒప్పుకున్నాను.

నాకు యాభై రెండేళ్లు. గుంటూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2023 ఫిబ్రవరిలో నా బరువు 91 కిలోలు, మూడు నెలల షుగరు సగటు 8.4. అప్పటికే థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. మా డాక్టర్ గారు ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా పాంక్రియాస్ వాచిందా అని అడిగి, లేదన్నాకే చీటీ రాశారు. ఆ మాత్ర మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2022లో, అదీ షుగరు వ్యాధికి. బరువు తగ్గడం దాని వెంట వచ్చే లాభం. మొదటి నెల 3 మిల్లీగ్రాములు, తర్వాత 7, ఆ తర్వాత 14.

ఇక దాని మడి గురించి చెప్పాలి. పరగడుపున వేసుకోవాలి. నీళ్లు 120 మిల్లీలీటర్లు దాటకూడదు. విరవకూడదు, నమలకూడదు. మింగాక కనీసం అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు, మరో మాత్ర వేసుకోకూడదు. వినడానికి ఇదేమంత కష్టం కాదు. కానీ మా ఇంట్లో అయిదున్నరకు డికాక్షన్ దిగుతుంది. ఆ వాసన వంటింట్లో కమ్ముకుని ఉండగా గడియారం చూస్తూ కూర్చోవడం ఒకరోజు పని కాదు, తొమ్మిది వందల రోజుల పని. పైగా థైరాయిడ్ మాత్రది కూడా పరగడుపు వ్యవహారమే. కొన్నాళ్లు నాలుగుముప్పావుకు ఒకటి, అయిదుంబావుకు ఇంకొకటి, ఆరు దాటాక కాఫీ. చివరికి డాక్టర్ గారు థైరాయిడ్ మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చి, కొన్ని వారాలాగి మళ్లీ రక్తపరీక్ష చేయించారు. ధనుర్మాసంలో అయితే తెల్లవారుజామున గుడిలో పూజారి గారు తీర్థం పోస్తుంటే చెయ్యి చాపాలా వద్దా అని ఆలోచించిన రోజులున్నాయి. చాపిన రోజులూ ఉన్నాయి.

ఈ నియమం ఎందుకో తెలిశాక కొంత బుద్ధిగా పాటించాను. సెమాగ్లూటైడ్ ఒక చిన్న ప్రొటీన్ లాంటిది. కడుపులోకి వెళితే జీర్ణరసాలు దాన్ని పప్పన్నం లాగే అరిగించేస్తాయి. అందుకని మాత్రలో స్నాక్ (SNAC) అనే పదార్థం కలుపుతారు. అది మాత్ర కరిగేచోట ఆమ్లాన్ని కాసేపు తగ్గించి, మందును కడుపు గోడలోంచి రక్తంలోకి దాటిస్తుంది. నీళ్లు ఎక్కువైతే అది పలచబడుతుంది, తిండి పడితే పని చెడుతుంది. ఎంత నిష్ఠగా వేసుకున్నా లోపలికి చేరేది నూటికి ఒక వంతు, అంతకన్నా తక్కువే కావచ్చు. మాత్ర 14, సూదిమందు పెద్ద మోతాదు 2.4 కాబట్టి మాత్రే బలమైనదని మా స్టాఫ్ రూములో ఒకరు నాతోనే వాదించారు. రోజుకు 14 చొప్పున వారానికి 98, అందులో నూటికొక వంతు తీస్తే ఒక మిల్లీగ్రాము కూడా నిండదు. లెక్కల టీచరుతో పెట్టుకోవలసిన వాదన కాదది.

మాత్రతో మొదటి పది నెలల్లో 7 కిలోలు తగ్గాను. ఆ తర్వాత 84 దగ్గర ముల్లు మొరాయించింది. షుగరు మాత్రం 6.7కి వచ్చి అక్కడే నిలిచింది, అందుకే మాత్రను తిట్టలేను. నా తప్పులూ ఉన్నాయి. ప్రయాణాల్లో సులువని మాత్రలన్నీ అట్టలోంచి తీసి వారం డబ్బాలో పోసుకునేదాన్ని. వాటికి తేమ పడదు, వేసుకునే క్షణం దాకా అట్టలోనే ఉండాలి. ఆ సంగతి తెలిసేసరికి ఏడాది గడిచింది.

2025 జూన్‌లో బరువు కోసమే అనుమతి పొందిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వెగోవి మన దేశంలోకి వచ్చింది. డాక్టర్ గారు మార్చమన్నప్పుడు వారం రోజులు నాన్చాను. మా అత్తయ్యకు డెబ్బయ్యెనిమిదేళ్లు. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారు. "రోజుకు రెండుసార్లు నేను పొడుచుకుంటుంటే చూస్తూనే ఉన్నావు. వారానికొకసారికి ఇంత ఆలోచనా అమ్మాయీ?" అన్నారు. మొదటి ఇంజెక్షన్ ఆవిడే దగ్గరుండి చేయించారు. సూది నాలుగు మిల్లీమీటర్లే. దోమ కుట్టినంత కూడా లేదు.

దీని తలనొప్పులు వేరు. ఒక ఇంజెక్షన్ పెన్నులో నాలుగు మోతాదులు, అంటే నెలకొక పెన్ను. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచాక 30 డిగ్రీల లోపు అయితే బయట ఆరు వారాలు ఉంచవచ్చంటారు. మే నెలలో గుంటూరులో 30 డిగ్రీల లోపు ఉండే గది ఏదో చెబితే అక్కడికే కాపురం మారుస్తాను. అందుకని తెరిచిందీ ఫ్రిజ్‌లోనే. కానీ అదే తలుపు అరలో అత్తయ్య ఇన్సులిన్ పెన్ను ఉంది. ఒకరోజు చీకట్లో నా చెయ్యి దాని మీదికే వెళ్లింది. అప్పటి నుంచి నాదానికి ఎర్ర రబ్బరు బ్యాండు, వేరే డబ్బా. ఫ్రీజర్ గోడకు ఆనించకూడదు, గడ్డకడితే పారేయాలి.

మోతాదు 0.5తో మొదలై ఒకటికి, ఇప్పుడు 1.7కి చేరింది. మాత్ర రోజుల్లో వికారం పలచగా, రోజూ కాస్త ఉండేది. సూదితో రెండు రోజులు గట్టిగా పట్టుకుని తర్వాత వదులుతుంది. మొదట ఆదివారం వేసుకునేదాన్ని. సోమ, మంగళవారాలు బోర్డు ముందు నిలబడి కుళ్లిన గుడ్డు వాసన త్రేన్పులు ఆపుకోవడం ఎలా ఉంటుందో తొమ్మిదో తరగతి పిల్లలకు తెలియకపోవడం నా అదృష్టం. ఇప్పుడు శుక్రవారం సాయంత్రానికి మార్చుకున్నాను. రెండు మోతాదుల మధ్య కనీసం రెండు రోజులుంటే వేసుకునే రోజు మార్చుకోవచ్చు. మలబద్ధకం మాత్రం రెండింటితోనూ ఒకేలా పీడించింది.

మాత్ర అయితే బాగా లేనప్పుడు ఆపేయవచ్చు, సూది అయితే వారమంతా ఒంట్లో ఉండిపోతుందని కొందరంటారు. ఇది అపోహ. ఏ దారిన వెళ్లినా మందు ఒకటే, రక్తంలో సగానికి తగ్గడానికి దానికి వారం పడుతుంది. నిరుడు అత్తయ్య చెల్లెలి ఇంట పెళ్లికి నాలుగు రోజులు మాత్ర మానేసి చూశాను. ఆకలీ రాలేదు, గారెలూ తినలేకపోయాను.

ఇప్పుడు 75 కిలోలు. సూదిదే గెలుపని తేల్చడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే నేను వాడిన 14 మిల్లీగ్రాములు బరువు కోసం నిర్ణయించిన మోతాదు కాదు. బరువుకని 25 మిల్లీగ్రాముల మాత్రకు అమెరికాలో 2025 డిసెంబరులో అనుమతి వచ్చింది. దాని పరీక్షలో 64 వారాలకు సగటున 13.6 శాతం బరువు తగ్గింది. ఇంజెక్షన్ పరీక్షలో 68 వారాలకు 14.9 శాతం. తేడా పెద్దది కాదు.

ఖర్చు సంగతి. మాత్రలకు నెలకు దాదాపు 10,000 రూపాయలయ్యేది. ఇంజెక్షన్ మొదట్లో చిన్న మోతాదుకే 17,345. 2025 నవంబరులో కంపెనీ ధర తగ్గించాకే ఊపిరి ఆడింది. భారత్‌లో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చిలో తీరిపోయింది, వేరే కంపెనీలూ తయారుచేయవచ్చు కాబట్టి ఇకపై ఈ అంకెలు పాతబడతాయి.

మొన్న సైన్సు టీచరమ్మ పక్కకు పిలిచి, "మేడమ్, డాక్టరు రెండూ చెప్పారు. నన్ను ఏది తీసుకోమంటారు?" అని అడిగారు. ఉదయం కాఫీ ఎన్ని గంటలకు తాగుతారని అడిగాను. లేవగానే, మంచం మీదే అన్నారు. సూది పట్టుకోవడం నేర్పడానికి శుక్రవారం మా ఇంటికి రమ్మన్నాను.